కారు కిందికి దించాం సరే, లింక్ రాడ్ల సంగతేంటి? తెనాలి, బాపట్ల, రేపల్లె రోడ్ల మీద నేర్చుకున్న లెక్క

వేమూరు దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కితే నా కారు కిక్కురుమనదు. ఎదురుగా వడ్ల ట్రాక్టర్ వస్తోందని మార్జిన్‌లోకి దిగి, ఎడమ చక్రం ఒక్కటే దాని మీద ఎక్కేలా పోతే మాత్రం కింద నుంచి ‘టక్’ మంటుంది. అప్పుడు స్టీరింగ్ కాస్త తిరిగి ఉంటే ‘టక్’ తర్వాత ‘గర్ర్’ అని ఇంకో సౌండ్ బోనస్. తెనాలి నుంచి రేపల్లె దాకా పాటలు ఆపేసి, అద్దాలు దించి, చెవులు రిక్కించుకుని నడిపితే తేలిన విషయం ఇది: ఒక చక్రం లేచి రెండోది లేవనప్పుడే ఈ గోల.

ఆ ఒక్క క్లూ చాలా విలువైనది. షాక్ అబ్జార్బరో, దాని పైన మౌంటో పోతే రెండు చక్రాలు కలిసి ఎక్కినా మోగుతుంది. ఒక చక్రానికే మోగుతుందంటే మొదటి అనుమానం స్వే బార్ మీద, దాని రెండు చివర్ల ఉండే ఎండ్ లింకుల మీద. మన మెకానిక్‌ల భాషలో బ్యాలెన్స్ రాడ్, లింక్ రాడ్లు.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే చోట ఈ నట్టు బోల్టుల సంత ఏంటి అంటారా? కథలో ఫోన్ ఉంది, ఎండోస్కోప్ కెమెరా ఉంది, ఒక ఫ్రీ యాప్ ఉంది. పైగా రీల్స్ చూసి ‘బ్రో, కారు దించితే ఎలా ఉంటుంది’ అని అడుగుతున్నవాళ్లలో మన రీడర్లు చాలామందే ఉన్నారు. ఎలా ఉంటుందో చెప్తా. చూడటానికి బాగుంటుంది. కింద ఏం జరుగుతుందో మాత్రం రీల్‌లో కనిపించదు.

అసలు ఈ బార్ ఏం చేస్తుంది?

ఇది ‘యు’ ఆకారంలో వంచిన స్ప్రింగ్ స్టీల్ కడ్డీ. మధ్య భాగాన్ని రెండు రబ్బరు బుష్‌లతో, అంటే డి బుష్‌లతో, కారు సబ్‌ఫ్రేమ్‌కి బిగిస్తారు. రెండు చేతులు చెరో చక్రం వైపు చాచి ఉంటాయి. ఆ చేతి చివరను సస్పెన్షన్‌కి కలిపేదే ఎండ్ లింక్: రెండు కొసలా చిన్న బాల్ జాయింట్ ఉన్న పొట్టి రాడ్డు. రెండు చక్రాలు కలిసి లేస్తే బార్ ఊరికే తిరుగుతుంది, అడ్డం చెప్పదు. ఒకటే లేస్తే మాత్రం తడి తువ్వాలు పిండినట్టు మెలి తిరగాలి. ఆ మెలికకి అది ఎదురు తిరగడమే మలుపులో కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా ఆపేది. ఐడియా కొత్తదేం కాదు. కెనడాలోని ఫ్రెడరిక్టన్‌కి చెందిన స్టీఫెన్ కోల్‌మన్ 1919లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

మారుతి 800 కింద ఎప్పుడైనా దూరి చూశారా? అందులో అసలు ఎండ్ లింకులే ఉండవు. బార్ కొసలు నేరుగా లోయర్ ఆర్మ్‌లోకి దూరిపోతాయి, ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టే పని కూడా బార్‌దే. ఆ కాలం పొదుపు అలాంటిది. ఇప్పటి హ్యాచ్‌బ్యాక్‌లలో లింకులు విడిగా ఉంటాయి కాబట్టే వాటి పొడవు మార్చుకునే వీలుంది, తప్పుగా మార్చుకునే వీలూ ఉంది.

నాది పాత స్విఫ్ట్. వెనక టార్షన్ బీమ్, అక్కడ ఈ లింకుల గొడవ లేదు. ముందు మాత్రం లింక్ బార్ కొస నుంచి పైకి వెళ్లి స్ట్రట్‌కి తగులుకుంటుంది. లోయరింగ్ స్ప్రింగ్స్ వేయించి 35 మి.మీ. దించా. కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 అయితే ఇప్పుడు 135 చిల్లర. డెల్టా రోడ్ల మీద అది ఎంత తెలివైన పనో నన్ను అడక్కండి. కాలవ కట్టల పక్కన నల్లరేగడి మీద వేసిన తారు ఎండకి బీటలు తీసి, వానకి ఉబ్బి, చివరికి అలల్లా తయారవుతుంది. అంటే ఒక చక్రం పైన, ఒకటి కింద. స్వే బార్‌కి ఇక్కడ క్షణం తీరిక ఉండదు.

‘పొట్టి లింకులు వెయ్’ అన్న సలహా

దించిన కారుకి పొట్టి లింకులు వేయాలని ఎక్కడ చూసినా అదే మాట. నేనూ వెతికి, ఒరిజినల్ కంటే 20 మి.మీ. పొట్టివి ఆర్డర్ పెట్టి, వేయించా. అప్పటిదాకా అప్పుడప్పుడూ వినిపించే ‘టక్’ రోజూ వినిపించే ‘టక్, గర్ర్’ అయింది.

ఇక్కడ ఒక నిమిషం ఆగి, కాగితం మీద బొమ్మ గీసుకోండి. నేను డబ్బులు పెట్టాక గీశా, మీరు ముందే గీయండి.

కారు దించడమంటే చక్రాల వైపు నుంచి చూస్తే బాడీ కిందికి వచ్చింది. బాడీ వైపు నుంచి చూస్తే చక్రం, దానితో పాటు స్ట్రట్ కింది భాగం, 35 మి.మీ. పైకి పోయాయి. బార్ మధ్య భాగం బాడీకి బిగించి ఉంది, కాబట్టి అది ఉన్నచోటే ఉంది. లింక్ పై కొస స్ట్రట్‌తో పాటు పైకి పోతూ బార్ చేతిని కూడా పైకి లాగింది. ఇప్పుడు బార్ చేతిని పాత చోటికి తేవాలంటే లింక్ పొడవు పెరగాలా, తగ్గాలా?

పెరగాలి. నేను తగ్గించా. అప్పటికే పైకి లేచిన చేతిని ఇంకో 20 మి.మీ. పైకి గుంజా.

మరి అందరూ పొట్టివి అంటారెందుకు? వాళ్లందరూ అబద్ధం చెప్పట్లేదు. కొన్ని కార్లలో లింక్ బార్ నుంచి కిందికి దిగి లోయర్ ఆర్మ్‌కి తగులుతుంది. అక్కడ ఆర్మ్ పైకి వస్తూ లింక్‌తో బార్‌ని పైకి నెడుతుంది. అలాంటి కారుకి పొట్టి లింకే కరెక్ట్. ఇక కాయిలోవర్ కిట్ వేస్తే కథ మళ్లీ వేరు. లింక్ తగిలించే చెవి ఒరిజినల్ స్ట్రట్‌లో ఉన్నచోటే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఒకరి కారుకి పనిచేసిన నంబర్ ఇంకొకరి కారుకి కాపీ పేస్ట్ అవ్వదు. సెట్టింగ్ ఏ కారుదో చెప్పని సలహా, వెర్షన్ చెప్పని బగ్ రిపోర్ట్ లాంటిదే.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీసేద్దాం. లింక్ పొడవు మారిస్తే బార్ గట్టిపడదు, మెత్తబడదు. గట్టిదనం బార్ మందంలో ఉంటుంది, అది కూడా మందానికి నాలుగో ఘాతంలో. 20 మి.మీ. బార్ తీసి అదే ఆకారంలో 22 మి.మీ.ది వేస్తే 1.1 ఘాతం 4, అంటే 1.46 రెట్లు గట్టి. ఇలాంటి మార్పు కావాలంటే బార్ మార్చాలి, లేదా చేతి మీద లోపలి రంధ్రం ఉంటే లింక్‌ని దానికి మార్చాలి. లింక్ పొడవుతో సరిచేసేది రెండే: బార్ చెయ్యి ఏ కోణంలో కూర్చుంది, నిలబడి ఉన్నప్పుడు బార్‌లో ముందే మెలిక ఉందా లేదా.

ఫోన్‌తో కొలిచా

ఫైఫాక్స్ అని జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫ్రీ యాప్ ఉంది. ఫోన్‌లో ఉన్న సెన్సర్లన్నీ అందులో వాడుకోవచ్చు, వాలు కొలిచే టూల్ కూడా ఉంది. ఫోన్ కేస్ తీసేసి (కెమెరా బంప్ ఆనకుండా పక్క అంచు మీద), ఒక స్టీల్ స్కేల్‌ని బార్ చేతికి ఆనించి, దాని మీద ఫోన్ పెట్టా. సెన్సర్‌లో ఎప్పుడూ కాస్త ఆఫ్‌సెట్ ఉంటుంది. ఫోన్‌ని 180 డిగ్రీలు తిప్పి రెండోసారి కొలిచి, రెండు రీడింగుల తేడాలో సగం తీసుకుంటే అది ఎగిరిపోతుంది.

ఫ్రెండ్ వాళ్ల ఒరిజినల్ స్విఫ్ట్‌లో చెయ్యి దాదాపు నేలకి సమాంతరం. నా కారులో పొట్టి లింకులతో 13 డిగ్రీలు పైకి. లెక్క కూడా అదే చెప్తోంది: చెయ్యి పొడవు సుమారు 250 మి.మీ., పైకి లేచింది 35 ప్లస్ 20, అంటే 55. సైన్ ఇన్వర్స్ వేయండి, 12.7 వస్తుంది. పాత లింకులే ఉంచి ఉంటే 8 డిగ్రీలతో పోయేది.

అసలు భయం ఎండోస్కోప్ కెమెరాతో పట్టుకుంది. ఫోన్‌కి టైప్-సి పోర్ట్‌లో గుచ్చుకునే చవక రకం, పైపులు చూసుకోవడానికి వాడేది. ఎడమ చక్రం కింద వెడల్పాటి చెక్క దిమ్మ పెట్టి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఫ్రెండ్‌ని మెల్లగా స్టీరింగ్ తిప్పమని స్క్రీన్ చూశా. (కారు కదులుతుంటే ఈ కేబుల్ లోపల ఉంచకండి, డ్రైవ్‌షాఫ్ట్‌కి చుట్టుకుంటుంది.) బార్ చెయ్యి టై రాడ్‌కి అంటుకునేంత దగ్గర. టై రాడ్ మీద వేలెడు పొడవున పెయింట్ గీసుకుపోయి లోహం మెరుస్తోంది. ‘గర్ర్’ అదే.

టై రాడ్ అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే రాడ్డు. అది రోజూ గీసుకుంటూ పోతే ఏమవుతుందో రేపల్లె హైవే మీద ప్రయోగం చేసి తెలుసుకోవాలని నాకు లేదు. కారు ఆ రోజే పార్క్ చేశా.

అలైన్‌మెంట్ ర్యాంపు మీద

ఈసారి పొడవు మార్చుకునే లింకులు తెప్పించా. వీటిలో మధ్య రాడ్డుకి ఒక కొసన మామూలు మర, ఇంకో కొసన ఎడమ మర ఉంటాయి. రాడ్డుని కారు మీదే తిప్పితే రెండు కొసలూ కలిసి బయటికో లోపలికో పోతాయి. మర పిచ్ 1.5 మి.మీ. అయితే ఒక పూర్తి చుట్టుకి రెండు వైపులా కలిపి 3 మి.మీ. తేడా. పొడవు పెంచేటప్పుడు మరలో ఎంత మిగిలిందో చూసుకోవాలి. కనీసం మర వ్యాసమంత, అంటే 10 మి.మీ. మర అయితే 10 మి.మీ., లోపల ఉండాలి.

వీటిలో రెండు రకాలు. రేసింగ్ కార్లలో కనిపించే ఓపెన్ రాడ్ ఎండ్ ఒకటి, రబ్బరు బూటు ఉన్న సీల్డ్ బాల్ జాయింట్ ఒకటి. ఫొటోలో మొదటిది సూపర్. కానీ దమ్ము చేసిన చేల నుంచి రోడ్డెక్కిన ట్రాక్టర్లు రాల్చే బురద, సూర్యలంక వైపు ఉప్పు గాలి తగిలాక ఓపెన్ జాయింట్ కొన్నాళ్లకే గలగలమంటుంది. బూటు ఉన్నదే తీసుకోండి.

తెనాలిలో మా ఇంటికి దగ్గర్లో నాలుగు స్తంభాల అలైన్‌మెంట్ ర్యాంపు ఉన్న షాపుకి పోయా. అక్కడి పెద్ద మెకానిక్‌ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన ముందు నా పొట్టి లింకులు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

‘‘వీటిని ఎక్కడ బిగించారబ్బాయ్? జాకీ మీద లేపేనా?’’

అవునన్నా.

‘‘గాల్లో వేలాడేసి బిగిస్తే ఏం లాభం? కారు తిరిగేది నేల మీద కదా.’’

ఈ ఆర్టికల్‌లో ఒక్క మాటే గుర్తుంటుందంటే అది బాబాయ్ చెప్పిన ఈ మాట అవ్వాలి. చక్రాలు వేలాడుతుంటే సస్పెన్షన్ పూర్తిగా సాగి ఉంటుంది. ఆ స్థితిలో బిగించిన రబ్బరు బుష్‌లు, కారు కిందికి దిగగానే మెలి తిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు తొందరగా చిరిగేది అందుకే. నా కారుకి స్ప్రింగ్స్ వేసినప్పుడు ఆర్మ్ బోల్టులు ఎవరూ వదులు చేయలేదు. బాబాయ్ ముందు వాటిని, డి బుష్ బోల్టుల్ని వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉండగానే మళ్లీ బిగించాడు. ఒక పక్క చక్రమే లేపి లింక్ పీకుదామనుకోకండి. బార్ మెలిక తిరిగి ఉంటుంది, స్టడ్ ఊడగానే చేతి మీదికి కొడుతుంది.

తర్వాత డ్రైవర్ బరువు. మన కార్లలో డ్రైవర్ కుడి వైపు. ఎవరూ కూర్చోకుండా సెట్ చేస్తే, కూర్చున్నాక లెక్క మారిపోతుంది. కింద మనిషి పని చేస్తుంటే పైన కారులో నేను కూర్చోవడం బాగోదని 25 కేజీల బియ్యం బస్తాలు మూడు డ్రైవర్ సీట్లో పెట్టాం. సీటు బెల్ట్ పెట్టమని కారు గోల చేయలేదు, పాత కారు కదా.

ఎడమ లింక్‌ని ఒరిజినల్ కంటే 20 మి.మీ. పొడవుకి పెట్టి రెండు కొసలూ తగిలించాం. చెయ్యి కోణం 13 నుంచి 3 చిల్లరకి వచ్చింది. మొత్తం 35 మి.మీ. పెంచి సున్నాకి తెద్దామా అని నేనడిగితే బాబాయ్ ఒప్పుకోలేదు. చక్రం గుంటలోకి జారినప్పుడు చెయ్యి కిందికి పోతుంది. లింక్ మరీ పొడవైతే చెయ్యి, లింక్ రెండూ ఒకే గీతలోకి వచ్చేసి ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది, లోయర్ ఆర్మ్‌కి తగిలే ఛాన్సూ ఉంది. లింక్‌కీ చేతికీ మధ్య 90 డిగ్రీలకి దగ్గరగా ఉంటే చాలు, రెండు చివరి స్థితుల్లోనూ ఖాళీ మిగలాలి.

కుడి లింక్ దగ్గరే అసలు పని. పై కొస స్ట్రట్‌కి తగిలించి, కింది కొస వదిలేసి, మధ్య రాడ్డు తిప్పుతూ స్టడ్ బార్ రంధ్రంలోకి వేలితో నెడితే దానంతటది దూరేదాకా పొడవు సరిచేయాలి. రాడ్డు పెట్టి తన్నాల్సి వచ్చిందంటే నిలబడ్డ కారులోనే బార్ మెలిక తిరిగి ఉన్నట్టు. అప్పుడు ఒక చక్రం మీద బరువు ఎక్కువ, ఇంకో దాని మీద తక్కువ. నా కారులో ఎడమదానికీ కుడిదానికీ అర చుట్టు తేడా వచ్చింది, అంటే 1.5 మి.మీ. రెండు లింకులూ స్కేలు పెట్టి సమానంగా ఉండాలని చాలామంది పట్టుబడతారు. అక్కర్లేదు. స్ప్రింగులు సమానంగా కుంగవు, డ్రైవర్ మధ్యలో కూర్చోడు.

ఇక్కడ ఫోన్ ఓడిపోయిందని నిజాయితీగా చెప్పాలి. ప్రీలోడ్ ఉంటే కారు కాస్త ఒరగాలి కదా, దాన్ని ఫోన్‌తో పట్టుకుందామనుకున్నా. ర్యాంపు లెవెల్‌గా ఉందో లేదో ముందు చూడాలి, దానికి తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు ఎదురింటి కన్‌స్ట్రక్షన్ నుంచి అడిగి తెచ్చా. ట్యూబు అద్భుతంగా పనిచేసింది. ఫోన్ చూపించే కనిష్ఠ తేడా 0.1 డిగ్రీ. ముందు చక్రాల మధ్య 1480 మి.మీ. అనుకుంటే అది 2.6 మి.మీ. ఒరుగుడు. మేం వెతికే తేడా అంతకంటే తక్కువ. బాబాయ్ వేలు దాన్ని పట్టుకుంది, నా ఫ్లాగ్‌షిప్ పట్టుకోలేదు.

చివరగా స్టడ్‌ని లోపల అలెన్ కీతో పట్టుకుని పైన పానాతో నట్టు బిగించాలి, లేకపోతే బాల్ తిరిగిపోయి బూటు మెలిపడుతుంది. రెండు కొసల బాల్ జాయింట్లూ మధ్యస్థంగా ఉన్నాయో లేదో రాడ్డుని చేత్తో ఊపి చూసి, అప్పుడు లాక్ నట్లు. ఎడమ మర వైపు లాక్ నట్టు ఉల్టా తిరుగుతుందని మర్చిపోయి నేను కాసేపు దాన్ని వదులు చేస్తూ కూర్చున్నా. టార్క్ విలువ మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. గీసుకున్న టై రాడ్‌ని కూడా మార్పించా, దాని తర్వాత వీల్ అలైన్‌మెంట్. లింక్ పొడవు మారిస్తే టో మారదు, కానీ కారు దించితే మారుతుంది, టై రాడ్ మారిస్తే ఖచ్చితంగా మారుతుంది.

ఒక రౌండ్ కొట్టి చూస్తే

తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి సూర్యలంక, తిరిగొచ్చి 216 హైవే మీద రేపల్లె, భట్టిప్రోలు, వేమూరు దాటి ఇంటికి. మలుపుల్లో పెద్ద తేడా ఉందని చెప్తే అబద్ధం. బార్ అదే కదా. మారిందల్లా రోడ్డుకి ఒక పక్కే ఎగుడుదిగుడు ఉన్నచోట. ఇంతకు ముందు స్టీరింగ్‌లో చిన్న కుదుపు వచ్చేది, ఇప్పుడు రావట్లేదు. వేమూరు స్పీడ్ బ్రేకర్ మీద కావాలనే ఒక చక్రంతో మూడుసార్లు ఎక్కా. పక్క టీ కొట్టులో వాళ్లు నన్ను వింతగా చూశారు.

ఇప్పుడు ఇబ్బందికరమైన సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా దించితే క్లెయిమ్ దగ్గర ఏం జరుగుతుందో ఊహించుకోండి. కొత్త కారు కొని దించుదామనుకునేవాళ్లకి నా సలహా, వద్దు. ఒరిజినల్ స్ప్రింగులు కోసి దించేవాళ్లకి సలహా కూడా లేదు.

ఇప్పటికే దించేసి ఉంటే, 20, 25 మి.మీ. లోపు అయితే ఒరిజినల్ లింకులతోనే చాలా కార్లు బండి లాగించేస్తాయి. ఒక చక్రం దిమ్మ మీద పెట్టి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకుంటే సరిపోతుంది. అంతకు మించి దించితే లింక్ పైకి పోతోందా, కిందికి పోతోందా అని ముందు చూసి, అప్పుడు ఆర్డర్ పెట్టండి. కారు కింద దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి.

లాక్ నట్ల మీద రాడ్డు దాకా పసుపు పెయింట్‌తో గీత గీసి ఉంచా. నెల తర్వాత చూస్తే గీత విరగలేదు, నట్లు కదల్లేదు. సూర్యలంక వెళ్లొచ్చిన రోజు మాత్రం కింద మంచినీళ్లతో కడుగుతున్నా. మొన్న వేమూరు దగ్గర మళ్లీ ‘టక్’ మంది. గుండె ఆగినంత పనయింది. తీరా చూస్తే డిక్కీలో జాకీ క్లిప్పు ఊడి దొర్లుతోంది. దాని కింద పాత తువ్వాలు ఒకటి పెట్టా.